ఎర్ర గాలిపటం, మెత్తని మంచు

మిరపకాయ నిల్వ చేసే చాంబరులో చల్లదనం పైనుంచి దిగుతుంది. పైకప్పు కింద గొట్టాల వరుసలుంటాయి. వాటిలో అమోనియా తిరుగుతుంది, పంకాలు ఆ గొట్టాల మీదుగా గాలిని తోస్తాయి, ఆ గాలి టిక్కీల మధ్య సందుల్లోకి జారుతుంది. టిక్కీ అంటే మా గుంటూరులో మిర్చి కుక్కిన గోనెసంచి. ఐస్ హాకీ ఆడే రింకులో ఈ అమరిక అంతా తలకిందులు. గొట్టాలు నేలలో, కాంక్రీటు లోపల ఉంటాయి. వాటిలో గడ్డకట్టని ఉప్పునీరు ప్రవహిస్తుంది. పైన పోసిన మంచినీరు బొటనవేలి మందం పలకగా బిగుసుకుంటుంది. ఒక శిక్షణ తరగతిలో ఆ నేల అడ్డుకోత బొమ్మ చూసినప్పటినుంచి, ఆ మంచు మనుషుల బరువు కింద ఎలా ప్రవర్తిస్తుందో చూడాలనిపించింది. చూడాలంటే ఆట చూడక తప్పదు. మంచు కోసం మొదలుపెట్టినవాణ్ణి, మూడు పీరియడ్ల ఆటలో రెండోది ముగిసేసరికి కుర్చీ అంచుకు వచ్చి కూర్చున్నాను.

ఆ ఆట ఆడే పడమటి దేశాల సాయంత్రపు ఆటలు మనకు తెల్లవారుజామున వస్తాయి. చిలకలూరిపేట వెళ్లే రోడ్డు పక్కనున్న మా కోల్డ్ స్టోరేజీలో ఆ వేళ యంత్రాల గది ఒక్కటే మెలకువగా ఉంటుంది. ఆఫీసు గదిలో చాంబర్ల ఉష్ణోగ్రతలు చూపే పెద్ద తెర ఉంది. అందులో సగం ఉష్ణోగ్రతలకు వదిలి, మిగతా సగంలో ఫోను నుంచి ఆట పెట్టుకునేవాణ్ణి. నీలం చొక్కాల జట్టును ఎంచుకోవడానికి నా కారణం సాంకేతికమే: పక్ అనే నల్ల బిళ్లను ఒకరికొకరు అందించే కోణాలు వాళ్లకు కచ్చితంగా కుదిరేవి. కోణాల సంగతి నెలలోపే మరిచిపోయాను. వాళ్లు ఓడిన రోజు నాకు ఇడ్లీ సహించేది కాదు.

ఒక ఉదయం మిర్చి యార్డులోని కమీషన్ ఏజెంటు ఒకరు తన సరుకు విడిపించుకోవడానికి పెందలాడే వచ్చి, తలుపు దగ్గర నిలబడి తెర వైపు చూశారు. రైతులు తనకు అప్పగించిన కాయను ఆయన మా దగ్గర నిల్వ ఉంచుతారు. తండ్రి నుంచి వచ్చిన కొట్టు. మేమంతా ఆయన్ను భాయ్ అనే పిలుస్తాం.

"ఏంటండీ ఇంజనీరు గారూ, ఇంతమంది కలిసి ఒక్క సబ్బుబిళ్ల కోసం కొట్టుకుంటున్నారు?"

"సబ్బు కాదు భాయ్, రబ్బరు. పక్ అంటారు. ఎగరకుండా ఉండాలని ఆటకు ముందు దాన్ని గడ్డకట్టిస్తారు."

"రబ్బర్ని కూడా కోల్డ్ స్టోరేజీలో పెడతారన్నమాట." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఆ ఎర్ర చొక్కాలెవరు? తేజ రకం మిరపకాయ రంగు సరిగ్గా పడింది. నేను వాళ్ల వైపు."

రంగు చూసి సరుకు ఎంచడం ఆయన వృత్తి. జట్టునూ అలాగే ఎంచుకున్నారు, మళ్లీ మార్చలేదు.

మూడోవాడు మా కంప్రెసర్ ఆపరేటరు. రాత్రి డ్యూటీ దిగుతూ టీ గ్లాసుతో వచ్చి నిలబడేవాడు. అతనికి ఏ జట్టూ లేదు. "ఇవాళ కొట్టుకున్నారా సార్?" అని అడిగేవాడు. ఆటగాళ్లు చేతితొడుగులు విసిరేసి కలబడితే చూసి ఇంటికి పోయేవాడు. లేకపోతే పోయేవాడు కాదు.

ఆ ఆటల సీజను అక్టోబరులో మొదలై, మా చాంబర్లు కొత్త కాయతో నిండే వేసవి దాకా సాగుతుంది. అక్టోబరంటే ఇక్కడ ముసురు రోజులు. పొలాల్లో మిరప మొక్క మోకాలెత్తు ఉంటుంది, పత్తికాయ అప్పుడప్పుడే పగులుతుంది, మా దగ్గర పాత సరుకు ఖాళీ అవుతూ ఉంటుంది. ఈ ఏడాది ఆ మొదటి వారాల్లో మా ఆఫీసు గదిలో ఉన్న వేడంతా పాయింట్ల పట్టిక లెక్కల వల్ల వచ్చిందే. గోడమీది నల్లబల్ల మీద నేను నియమం రాసిపెట్టాను: గెలిస్తే రెండు పాయింట్లు, ఓడితే సున్నా, మూడు పీరియడ్లూ సమానంగా ముగిసి, ఆ తర్వాత అదనపు ఆటలోగానీ, దాని తర్వాతగానీ ఓడితే ఒకటి.

"ఓడినవాడికి కూడా ఒకటి చేతిలో పెడతారా?" అన్నారు భాయ్. "మర్యాదస్తుల యార్డు."

ఎర్రవాళ్లు మొదటి ఆటలు వరసగా గెలిచారు. నా నీలంవాళ్లు ఒకటి ఓడి, ఒకటి గెలిచి, తడబడుతూ నడుస్తున్నారు. భాయ్ రోజూ వచ్చేవారు, సరుకున్నా లేకున్నా. వచ్చి, "మీవాళ్లలో తాలు ఎక్కువైందండీ" అనేవారు. తాలు అంటే రంగు పోయి తెల్లబడిన కాయ. ఏరి పారేసేది. గోల్ వైపు నావాళ్లు కొట్టిన దెబ్బల, ఆపిన దెబ్బల లెక్కలు నేను చూపించి, ఇంత కొద్ది ఆటలతో ఏదీ తేలదని వాదించేవాణ్ణి. ఆయన యార్డులో ఒక్క గుప్పెడు కాయ తీసి, ఒకటి విరిచి, వాసన చూసి లాటు మొత్తానికి ధర చెప్పే మనిషి. నా వాదన ఆయనకు ఎలా ఎక్కుతుంది.

"ఎప్పుడూ మాటలేనా?" అన్నాడు ఆపరేటరు ఒకనాడు. "ఏదన్నా పెట్టుకోండి."

భాయ్ గ్లాసు కింద పెట్టారు. "ఈ ఏడాది ఈ రెండు జట్లూ మొదటిసారి ఎదురుపడ్డప్పుడు మావాళ్లు ఓడితే, కొత్త కాయకు నా మార్కా నీలం రంగుతో వేయిస్తా."

ఆపరేటరు టీ తాగడం ఆపేశాడు. ప్రతి ఏజెంటుకూ ఒక మార్కా ఉంటుంది. రేకు అచ్చు పెట్టి, రంగు పూసి టిక్కీ మీద దించుతారు. భాయ్‌ది గుండ్రం మధ్యలో గాలిపటం, మొత్తం ఎరుపు. వాళ్ల నాన్నగారు పెట్టింది. దర్శి వైపు నుంచి వచ్చే ఆయన రైతుల్లో చదువు రానివాళ్లు చాలామంది. వేల టిక్కీల గుట్టలో తమ సరుకును వాళ్లు ఆ ఎర్ర గాలిపటంతోనే పోల్చుకుంటారు. ఆట వేడిలో ఆయన పందెం పెట్టింది దాన్ని.

"భాయ్, ఒక్క మాట," అన్నాను. ఆ ఆట ఎర్రవాళ్ల సొంత ఊళ్లో జరగాలి. అది వెచ్చని ఊరు. అక్టోబరులో అక్కడి గాలిలో ఇంకా తేమ ఉంటుంది, వేలమంది ప్రేక్షకులతోపాటు అదీ లోపలికి వస్తుంది. మంచు పైపొర మెత్తబడుతుంది, స్కేట్లు దాన్ని త్వరగా పొడిపొడి చేస్తాయి, పక్ బల్లపరుపుగా జారకుండా గంతులు వేస్తుంది. ముసురులో మా చాంబరు తలుపు తెరిచి వదిలేస్తే ఏమవుతుందో రోజూ చూసేవాడికి ఇందులో వింతేమీ లేదు. గంతులు వేసే పక్‌తో నా జట్టు అందింపులు సాగవు. బరువుగా, గోడవారగా ఆడే ఎర్రవాళ్లకు అంత ఇబ్బంది ఉండదు. ఇదంతా చెప్పాను.

"అంటే మీకే నష్టం," అన్నారాయన, మొహం వెలిగిపోతూ. "అయినా పెడతారా?"

"పెడతాను. నావాళ్లు ఓడితే నా తెల్ల హెల్మెట్టుకు ఎర్రరంగు వేసుకుని సీజనంతా తిరుగుతాను."

ఆ ఆట రానే వచ్చింది. అదే ఉదయం దర్శి దగ్గరి పల్లెనుంచి ఒక రైతమ్మ తన పాత టిక్కీలు యార్డుకు వేయించుకోవడానికి ట్రక్కు ఆటోలో దిగింది. చాంబరులోకి వెళ్లి, దుప్పటి కప్పుకుని, వరసల మధ్య నడిచి, ఎర్ర గాలిపటం మీద చెయ్యి వేసి "ఇయ్యే నాయి" అని వచ్చింది. బయటికి వచ్చేలోపు ఆపరేటరు ఆమెకు పందెం సంగతి చెప్పేశాడు. ఆమె సరాసరి ఆఫీసు గదిలోకి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏం అబ్బాయ్, మా గాలిపటాన్ని ఆటలో పెట్టావంట?"

"ఓడిపోతే కదా అక్కా," అన్నారు భాయ్, తెరమీంచి చూపు తిప్పకుండా. "కూర్చో. టీ తాగు."

"పత్తి తీతకు కూలోళ్లొస్తారు, నేను పోవాల." అంటూనే కూర్చుంది. "ఎవరు మనోళ్లు?"

"ఎర్రోళ్లు. ఆ కుడిపక్క గోలులో వెయ్యాలి."

"ఆ పరుపులు కట్టుకున్నోడెవడు?"

"గోలీ అమ్మా," అన్నాను. "గోల్ కాపలా."

"ఇంటిల్లిపాది పడకలన్నీ వీడే చుట్టుకొచ్చినట్టున్నాడు."

మొదటి పీరియడ్‌లోనే ఎర్రవాళ్లు గోడవారనుంచి పక్‌ను తవ్వి తీసి, గుంపులోంచి లోపలికి నెట్టారు. భాయ్ లేచి నిలబడ్డారు. రెండో పీరియడ్‌కు జట్లు వైపులు మార్చుకున్నాయి. "ఇప్పుడు ఎడమపక్క వెయ్యాలా? ఒక మాట మీద ఉండరేం వీళ్లు?" అంది రైతమ్మ. ఆ పీరియడ్‌లో ఇంకో గోల్ పడింది, అదీ ఎర్రవాళ్లదే. ఇద్దరు కలబడి మంచు మీద దొర్లారు. "నా పని అయిపోయింది," అన్నాడు ఆపరేటరు, కదలకుండా. నేను ఊహించినట్టే నా జట్టు అందించిన పక్‌లు కర్రలు దాటి గంతులు వేస్తున్నాయి. నా అంచనా నిజమవుతున్నందుకు సంతోషించాలో, నా హెల్మెట్టు ఎర్రబడుతున్నందుకు ఏడవాలో తెలియలేదు.

విరామంలో యంత్రం వేడినీరు పోసి మంచును కొత్తగా పరిచింది. మూడో పీరియడ్ మొదట్లో, ఆ పొర ఇంకా గట్టిగా ఉండగానే, నీలంవాళ్లు తమ కోణాలు దొరకబుచ్చుకున్నారు. మూడు అందింపులు, ఒక గోల్. నేను బల్ల మీద గుద్దితే తెరలో ఉష్ణోగ్రతల సగం అదిరింది. ఇక కొద్ది సేపే ఉందనగా నావాళ్లు గోలీని బయటికి పిలిచి, ఆ స్థానంలో ఇంకో ఆటగాణ్ణి దించారు.

"పరుపులోడు పోతున్నాడే. ఇల్లు తెరిచిపెట్టి పోయాడా?" అంది రైతమ్మ.

"తెగించారక్కా," అన్నారు భాయ్.

తెగింపు ఫలించింది. రెండు, రెండు. అదనపు ఆటలో ఎర్రవాళ్లు కొట్టిన పక్ గోల్ ఇనుప కమ్మీకి తగిలి ఖంగుమంది, లోపలికి మాత్రం పోలేదు. ఆ చప్పుడుకు మేం నలుగురమూ లేచాం. మళ్లీ ఎవ్వరమూ కూర్చోలేదు. ఇక మిగిలింది తలా మూడుసార్లు, ఒక్కొక్కరుగా గోలీ మీదికి వెళ్లి కొట్టడం. తలా రెండు అవకాశాల తర్వాత నావాళ్లు ఒకటి వేశారు, ఎర్రవాళ్లు ఏదీ వేయలేదు. వాళ్ల చివరి ఆటగాడు బయల్దేరాడు. జట్టులో అందరికన్నా నేర్పరి. గోలీని కుడికి పడేశాడు, ఎడమ ఖాళీ అయింది, కర్ర తిప్పాడు. అంతసేపు తొక్కిన మెత్తని మంచు మీద పక్ చిన్న గంతు వేసి, కర్ర మీంచి దాటిపోయింది.

కేక పెట్టింది నేనొక్కణ్ణే. పక్కన ఎవరూ కలవకపోవడంతో అది సగంలో ఆగింది.

"అయిపోయిందా? ఓడామా?" అంది రైతమ్మ.

"ఓడాం అక్కా. ఇంజనీరు గారు చెప్పిన మంచే. పట్టింది మాత్రం మమ్మల్ని."

"అయితే గాలిపటం నీలం అయిద్దా?"

"నలుగురిలో అన్నాను కదా." యార్డులో ఆయన కొట్టు నడిచేది ఇలా అన్న మాట మీదే.

"నీ మాట నీది. నా కళ్లు నాయి. నీలం గాలిపటం నాకు ఆనదు. ఏసంగిలో కొత్త కాయ పక్క కొట్టుకు తోలుకుంటా. మా ఊరోళ్లూ నాయెంటే వస్తారు." ఎగతాళిగా అనలేదు. దుప్పటి మడత పెట్టుకుంటూ, వాతావరణం చెప్పినట్టు చెప్పింది.

నేను పందెం వదిలేద్దామని నోరు తెరవబోయాను. భాయ్ చెయ్యెత్తి ఆపారు. దానం పుచ్చుకోవడం ఆయనకు ఇష్టం లేదు. చూపు నల్లబల్ల మీదికి పోయింది. నా అక్షరాలే.

"ఇంజనీరు గారూ, ఇవాళ పట్టికలో మీకెన్ని?"

"రెండు."

"మాకు?"

చెప్పడానికి ముందే నాకు అర్థమైంది. "ఒకటి."

"పూర్తిగా ఓడితే సున్నా అని రాశారు. మాకు సున్నా రాలేదు." భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీద కప్పారు. ఇప్పుడు యార్డులో ధరలు తెర మీద పడతాయి కానీ, వాళ్ల నాన్నగారి కాలంలో తువ్వాలు కింద వేళ్లు నొక్కే బేరమాడేవారట. "గాలిపటం మాది. గుండ్రం మీది. నీలం గుండ్రం ఎంత మందం ఉండాలో చెప్పండి."

నాలుగు వేళ్ల మందం కావాలని నాలుగు వేళ్లు నొక్కాను. గెలిచినవాణ్ణి నేను. ఆయన ఒకటి నొక్కారు. నేను మూడు. ఆయన మళ్లీ ఒకటే, ఈసారి గట్టిగా.

"రెండు వేళ్లయితే ముగ్గురికీ సరిపోద్ది, తేల్చండి," అంది రైతమ్మ, తువ్వాలు కింద ఏం జరుగుతోందో చూస్తున్నట్టే. "గాలిపటం ఎర్రగా ఉంటే చాలు. చుట్టూ ఏముంటే నాకేం."

రెండు వేళ్ల దగ్గర ఇద్దరి చేతులూ ఆగాయి.

"నీలం రంగు మన స్టోరులోనే ఉంది సార్, గాలి పైపులకు తెచ్చింది," అన్నాడు ఆపరేటరు.

నేను సొరుగులోంచి స్టీలు స్కేలు తీశాను. రెండు వేళ్లు కొలత కాదు. రేకు కోసేవాడికి మిల్లీమీటర్లు కావాలి. అక్కడ మళ్లీ లేచింది తగాదా. నా వేళ్లు లావు, అవే ప్రమాణమన్నాను. తన వేళ్లు సన్నం, మార్కా తనదన్నారు భాయ్.

రైతమ్మ మా ఇద్దరినీ పక్కకు నెట్టి, పత్తికాయ మొనలు గీరిన తన రెండు వేళ్లు నల్లబల్ల మీద ఆనించింది.

"పెట్టు బాబూ స్కేలు. అవతల నాకు కూలోళ్లొస్తారు."