అవతలివాళ్లు తల ఊపేదాకా

మొన్న మహబూబ్‌నగర్ వెళ్తుంటే దేవరకొండ దాటాక వాన పట్టుకుంది. తడిసిన గొంగడి కప్పుకున్న పెద్దాయన ఒకరు బస్సెక్కి నా ముందు సీట్లో కూర్చున్నారు. తడి ఉన్ని వాసనకు పక్కనున్న అమ్మాయి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం విమల మేడమ్ గుర్తొచ్చారు. నేను నల్గొండలో ఎం.ఏ. అర్థశాస్త్రం చదివేటప్పుడు మాకు గ్రామీణ ఆర్థిక వ్యవస్థ పేపరు చెప్పిన మనిషి. నా డిసర్టేషన్ సర్కారు గొర్రెల పంపిణీ పథకం మీద. ఆమె ఒక ముసురు రోజు మా ఊరు వచ్చి, గొర్రెల దొడ్డి దగ్గర మా నాన్న, మా బాపు, పరిచిన గొంగడి మీద, చీర తడుస్తున్నా పట్టించుకోకుండా కూర్చున్నారు.

"మా పిల్ల ఇంట్లనే మాట్లాడది మేడమ్. అక్కడ మాట్లాడ్తదా?" అని అడిగాడు బాపు.

"క్లాసుల గూడ మాట్లాడదన్నా. గని రాస్తది. ఆ రాసుడు జూస్తే లోకమంతటితోని కొట్లాడేటట్టే ఉంటది." బాపు పగలబడి నవ్వాడు.

నిజానికి ఆమె క్లాసంటే మొదట్లో నాకు భయం. అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఎవరి మాటనైనా కాదనాలంటే ముందు లేచి ఆ మాటనే చెప్పాలి, అదీ అవతలివాళ్లకంటే బాగా. వాళ్లు తల ఊపాకే మన వాదన మొదలు. నా తోటి విద్యార్థి యాదయ్య దీన్ని బేరం చేసుకున్నాడు. ఒకసారి అతని వాదనను నేను రెండుసార్లు చెప్పినా తల ఊపలేదు.

"ఇంకేం తక్కువైందిరా?" అన్నారు మేడమ్.

"చాయ్ తక్కువైంది మేడమ్. తాపిస్తే ఊపుతా."

క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. అవతలి మాట చెప్తూ చెప్తూ ఉంటే మన గొంతు కూడా తెరుచుకుంటుందని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

రెండో సంవత్సరంలో గొడవ వచ్చింది. నా డిసర్టేషన్ తొలి అధ్యాయాన్ని శాఖ సెమినార్‌లో చదివాను. గొర్రెలు వచ్చాయి గాని మేపే జాగా పెరగలేదు, అందుకే మా ఊళ్లో చాలా ఇళ్లలో మంద నిలవలేదు అని రాశాను. ఆ సంగతి బయటికి పోయి, పైనుంచి ఎవరో హెడ్ సార్‌కు ఫోన్ చేశారట. తర్వాత ఆయన రెండు ప్రతిపాదనలు పెట్టారు. గ్రామీణ ఆర్థిక వ్యవస్థ పేపరు తీసేసి డేటా విశ్లేషణ పెట్టాలి. పథకాల మీద ఎవరు రాయాలన్నా ముందుగా శాఖ అనుమతి తీసుకోవాలి. అదే జరిగితే నా అంశం పోతుంది. మళ్లీ మొదలుపెట్టాలంటే ఇంకో ఏడాది పడుతుంది. ఇంకో ఏడాది అంటే ఇంట్లో చదువు మాన్పించేస్తారు.

మేడమ్ గదికి వెళ్లి, అంశం మార్చుకుంటానని చెప్పాను.

"తప్పు రాసినవా బిడ్డా?"

"లేదు మేడమ్. నా వల్ల మీకెందుకు తిప్పలని..."

"తప్పుంటే నేనే కొట్టేస్త. ఫోన్ వచ్చిందని కొట్టెయ్య. పో, పోయి అన్నం తిను."

శాఖ సమావేశానికి డిసర్టేషన్ రాసేవాళ్లనూ పిలిచారు. మేడమ్ మండిపడతారని అనుకున్నాం. ఆమె నెమ్మదిగా లేచారు. "ముందు మీ మాట చెప్తా సార్. మన పిల్లలు పట్నం పోయి ఇంటర్వ్యూల కూసుంటే కంప్యూటర్ పని రాదని ఎల్లగొడుతున్నరు. ఊరి సంగతి వాళ్లకు ముందే తెలుసు, దానికి పేపరెందుకని మీ బాధ. ఇంక, పైవాళ్లకు కోపమొచ్చి మనకు రావలసిన పోస్టులు ఆపితే, రేపు చెప్పెటోళ్లే ఉండరని మీ భయం. గంతేనా సార్?"

ఆ భయాన్ని హెడ్ సార్ మా ముందు ఎన్నడూ బయటపెట్టలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "గంతే కాదమ్మా. రేపు ఈ పిల్లను ఎవరన్న ఇబ్బంది పెడితే జవాబు ఎవరు చెప్పాలె?" అని నావైపు చూశారు.

"అది నాకు తోచలేదు సార్" అని మేడమ్ దాన్నీ కలిపి మళ్లీ మొదటినుంచి చెప్పారు. ఆయన తల ఊపారు.

"సార్ చాయ్ అడగకుంటనే ఊపిండు" అని యాదయ్య నా వెనక గొణిగాడు.

"ఇప్పుడు నా మాట" అన్నారు మేడమ్. "డేటా పేపరు పెట్టుండ్రి, మంచిదే. దానికి మన ఊర్ల లెక్కలే తెద్దాం. అందుకు నా పేపరు గూడ ఉండాలె. అనుమతి మాత్రం వద్దు. రాసినంక ఎన్ని తప్పులన్న పట్టుండ్రి. రాయకముందే ఆపితే పట్టేటందుకు ఏం మిగుల్తది?"

హెడ్ సార్ నన్ను అడిగారు: "నువ్వేమంటవమ్మా?"

లేచాను. "పథకం పెట్టినోళ్ల మాట ముందు చెప్తా సార్. ఏమీ లేని ఇంటికి మంద ఇస్తే ఆ ఇల్లు కోలుకుంటదనుకున్నరు. మా ఇంటికి గొర్రెలొచ్చిన దినం మా బాపు గూడ సంబురపడ్డడు. గా సంగతి నా అధ్యాయంల లేదు, చేరుస్తా. మేత సంగతి మాత్రం తియ్యను సార్."

ఆయన కాగితాలు సర్దారు. "చేర్చు" అన్నారు. "మళ్ల ఫోన్ వస్తే ఆ సంబురం, ఈ మేత సంగతి రెండూ చదివి వినిపిస్తా."

అనుమతి మాట అక్కడితో పోయింది, మేడమ్ పేపరు ఉండిపోయింది. వరండాలోకి రాగానే నాకు విపరీతంగా ఆకలేసింది. ఎన్నాళ్లకో అట్లా ఆకలేయడం. మేడమ్ క్యాంటీన్‌లో మిర్చి బజ్జీలు చెప్పి, తాను ఒక్కటీ తినకుండా మేం తింటుంటే చూస్తూ కూర్చున్నారు.

మేడమ్ రిటైరయ్యారు. నేనిప్పుడు మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు చెప్తున్నాను. ఈమధ్య నా విద్యార్థిని ఒకమ్మాయి ప్రాజెక్టు అంశం పట్టుకొచ్చింది. వాళ్ల ఊళ్లో మందలు నిలిచాయి, నా డిసర్టేషన్‌లోని మాట అక్కడ కుదరదు, అదే ఆమె రాయబోయేది. కూర్చోబెట్టి, ఆమె వాదనను నా నోటితో చెప్పి చూశాను. చెప్తున్నకొద్దీ అది బలంగానే ఉందని తెలుస్తూ వచ్చింది. లోపల ఎక్కడో చురుక్కుమంది. అయినా సంతకం పెట్టడానికి చెయ్యి వెనకాడలేదు. ఆ సంగతి గమనించి మనసు తేలికపడింది.

కాగితం తీసుకుంటూ ఆ అమ్మాయి అడిగింది: "మీకు కోపం రాలేదా మేడమ్?"

"రాకుంట ఎట్లుంటది? వచ్చింది. నువ్వు రాయి" అన్నాను.