ముట్టినట్టు సంతకం

ఉదయం ఐదూ నలభైకి నంద్యాల స్టేషన్‌లో దిగాం. మే నెల. ఆ వేళకే ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ వెచ్చగా ఉంది. సామాను: నల్ల ట్రంకు పెట్టెలు రెండు, బెడ్డింగు చుట్ట ఒకటి, మందుల సంచి ఒకటి, సీలు వేసిన కవరు ఒకటి, హవల్దారు ఒకరు.

ఆఖరిది నా చమత్కారం కాదు. నాకిచ్చిన కాగితంలో వరస అలాగే ఉంది.

ఇది యుద్ధం కథ కాదని ముందే చెప్పేస్తున్నాను. నేను ఫౌజులో నాలుగేళ్ళు ఉన్నాను. ఊళ్ళో ఎవరు కలిసినా "తుపాకీ పేల్చినావా?" అని అడుగుతారు. పేల్చాను, అట్టముక్కల మీద. నిజంగా భయపడిన డ్యూటీ మాత్రం ఇదొక్కటే. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ, నలభై చిల్లర కిలోమీటర్లు, మూడు రోజులు.

ఆదేశాలు ఇవి. హవల్దారును ఆసుపత్రి నుంచి ఇంటికి చేర్చాలి. సెలవు ఇరవై ఎనిమిది రోజులు. ఒంటరిగా వదలకూడదు. స్నానాల గదికి వెళ్ళినా గడియ పెట్టనివ్వకూడదు. ఆయన బెల్టు, గడ్డం బ్లేడ్లు, బూట్ల లేసులు నా సంచిలో ఉండాలి. ఉదయం ఎనిమిదికి రెండు మాత్రలు, సాయంత్రం ఎనిమిదికి మూడు. ఇంటివాళ్ళకు అప్పగించి, ముట్టినట్టు మూడు ప్రతుల మీద సంతకం తీసుకోవాలి. పెట్టాల్సింది భార్య, లేదా పద్దెనిమిదేళ్ళు నిండిన రక్తసంబంధీకులు. ఎవరూ పెట్టకపోతే మనిషిని వెనక్కి తెచ్చి వార్డులో చేర్చాలి.

ఆ వార్డు నేను చూశాను. ఇరవై మంచాలు, ఒక టీవీ. టీవీలో ఎప్పుడు చూసినా వంటల కార్యక్రమం. గేటు దాటేటప్పుడు హవల్దారు నాతో ఒక్క మాటే అన్నాడు.

"మళ్ళా ఈడికి తోడుకోని రావద్దురా."

ఆయనకు నలభై ఒకటి. నాకు అప్పటికి ఇరవై రెండు. ఆయనది ఆళ్ళగడ్డ, నాది నంద్యాల. కంపెనీలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే కాబట్టి మంచు మీద పోస్టులో ఎనిమిది నెలలు ఒకే బంకరులో పడేశారు. తడి సాక్సులు ఒంటికి చుట్టుకుని ఎలా ఆరబెట్టుకోవాలో నాకు నేర్పింది ఆయనే. బదులుగా నేను జోకులు చెప్పాను. ఆరో నెలలో ఆయన నిద్రపోవడం మానేశాడు. "అన్నా, నీ వంతు నిద్ర కూడా నేనే పోతాండా, కూలి ఇయ్యి" అన్నాను. నవ్వాడు. ఏడో నెలలో తిండి తగ్గింది. దానికీ ఏదో అన్నాను. నవ్వాడు. రోజూ సాయంత్రం రేడియోలో కంపెనీ నుంచి అడిగేవారు.

"మీ జోడీ ఎలా ఉన్నాడు? ఓవర్."

"బ్రహ్మాండం. ఓవర్."

ఎనిమిదో నెలలో ఒక ఉదయం ఆయన బూట్లు వేసుకుని మంచం అంచున కూర్చున్నాడు. రెండు రోజులు లేవలేదు. అప్పుడు నాకు జోకు దొరకలేదు. తర్వాత డాక్టరు మేజరు నన్ను పిలిచి, నీకు ముందుగా ఏమీ అనిపించలేదా అని అడిగాడు. "నవ్వుతూనే ఉన్నాడు సార్" అన్నాను. ఆయన అది రాసుకున్నాడు.

ఎస్కార్టుగా నన్నే పంపడం శిక్షో, ఊరు దగ్గరని చేసిన సౌకర్యమో తెలియదు. ఫౌజులో రెండూ ఒకే ఫారం మీద వస్తాయి.

మా ఇల్లు స్టేషన్ నుంచి ఆటోలో పది నిమిషాలు. వెళ్ళకూడదు. అమ్మకు ఫోన్ కూడా చేయలేదు. చేస్తే క్యారియరు పట్టుకుని బస్సెక్కేసేది. ఆమెకు మా ఆదేశాలు వర్తించవు.

ఏడూ పదికి బస్సు. శిరివెళ్ళ దాటాక హవల్దారు నోరు విప్పాడు.

"మీ వదినకు చెప్పినారా?"

"హెడ్ క్లర్కు ఫోన్ చేసినాడంట న్నా."

"ఏమనంట?"

"నువ్వు వస్తాండావని."

"ఎట్ల వస్తాండానో చెప్పినాడా?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. చూడ్డానికి ఏమీ లేదు. కోతలైపోయిన చేలు.

ఎనిమిదిన్నరకు ఆళ్ళగడ్డ. మందు వేళ అరగంట దాటిందని బస్టాండులోనే మాత్రలు వేయించాను. వాళ్ళ వీధికి వెళ్ళే దారిలో శిల్పుల అంగళ్ళు. సగం చెక్కిన దేవుళ్ళు రోడ్డు వారన హాజరు పిలుపుకు నిలబెట్టినట్టు ఉన్నారు. చాలామందికి ముఖాలు ఇంకా రాలేదు.

హెడ్ క్లర్కు చెప్పింది ఇంతే: మీ ఆయన లీవులో వస్తున్నాడు. అందుకని వదిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసి పెట్టింది. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కూతురు ఇంటర్ చదువుతోంది. ఇద్దరూ గడపలోకి వచ్చారు. వదిన ఆయన ముఖం కంటే ముందు బూట్లు చూసింది.

"లేసులు యాడికి పోయినాయి?"

"కొత్త ఫ్యాషన్ వదినా" అన్నాను.

తల్లీకూతుళ్ళు నవ్వలేదు. హవల్దారు నవ్వాడు. ఆ నవ్వు నాకు బంకరు నుంచీ తెలుసు.

తిన్నాక సంతకాలు పెట్టాల్సిన కాగితం తీశాను. ఫౌజులో ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్ళు, టైపు చేసినవాడితో సహా, నాకు తెలిసి ఎవరూ లేరు. వీళ్ళు చదివారు. కూతురు ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పింది. వదిన ప్రతి వాక్యం దగ్గరా ఆపించింది.

"ఇరవై నాలుగ్గంటలూ కనిపెట్టుకోని ఉండల్లనంట. ఏమన్నా అయితే బాధ్యత నాదేనంట. ఏమప్పా, ఆడ ఎంతమంది ఉంటిరి మీరు?"

"పోస్టులో పద్నాలుగు మందిమి వదినా."

"పద్నాలుగు మంది తుపాకులు పట్టుకోని ఒక మనిషిని సూడలేకపోతిరి. నేనొక్కదాన్నే సూడల్లనా?"

తీసిన పెన్నుకు మూత పెట్టేశాను.

"పెండ్లయ్యి పంతొమ్మిదేండ్లు" అంది. "సెలవులన్నీ కూడేసినా నాలుగేండ్లు రావు. వచ్చినప్పుడల్లా సుట్టానికి సేసినట్టు సేసి పంపిచ్చినా. ఆయప్పకు ఏం కూర ఇష్టమో నాకు తెలుసు. ఏంటికి నిద్ర పోడో నాకెట్ల తెలుస్తాది? అడగడానికి ఎప్పుడన్నా ఉన్న్యాడా?"

హవల్దారు అక్కడే, గోడవారన స్టూలు మీద ఉన్నాడు. అన్నీ విన్నాడు. "ఆమె చెప్పేది కరెక్టే" అన్నాడు, ఎవరో మూడో మనిషి గురించి సాక్ష్యం చెబుతున్నట్టు.

సాయంత్రానికి వదిన ఒక మెట్టు దిగింది. పగటిపూట ఎవరైనా కాసేపు దగ్గర కూర్చుంటే, అప్పుడు ఆలోచిస్తానంది. బజారుకు పోవాలి, గుడ్డలు తేవాలి, కుట్టినవి ఇచ్చి రావాలి.

రెండో రోజు ఉదయం పదికి ఆయన చిన్ననాటి స్నేహితుడి దగ్గరికి వెళ్ళాం. శిల్పి. ఇద్దరూ ఒకే బావిలో, ఒకే వేసవిలో ఈత నేర్చుకున్నారని హవల్దారు బంకరులో చాలాసార్లు చెప్పాడు. ఆ బావి లోతు, మెట్ల సంఖ్య నాకు కంఠస్థం. శిల్పి కోత మిషను ఆపి, ముఖం మీద రాతి పొడి తుడుచుకున్నాడు.

"ఎట్లుండావురా?"

"బాగుండా."

"ఎన్ని దినాలు?"

"ఇరవై ఎనిమిది."

"మంచిది."

ముప్పై ఏళ్ళ స్నేహం నిమిషంలోపు అయిపోయింది. టీలు వచ్చాయి, టీలు కూడా అయిపోయాయి. ఇద్దరూ ఒక ఆంజనేయుడి తోక వైపు చూస్తూ కూర్చున్నారు. నేను ఏదైనా అందామనుకున్నాను. అనలేదు. నా సర్వీసులో అదొక రికార్డు.

విషయం చెప్పి, రోజూ రెండు గంటలు కూర్చోబెట్టుకుంటారా అని అడిగాను. శిల్పి నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"కూసోబెట్టుకోనని కాదప్పా. ఈడ అన్నీ ఉలులు, కోత మిషన్లు. నువ్వు లేసులు దాస్తివి. నేను అంగడి యాడ దాయల్ల?"

నేను తలూపాను.

"ఇంగోటి సెప్తా, తప్పుగా అనుకోవాకు. రైలెక్కిపోయిన పిల్లోడు నాకు తెలుసు. ఈయప్ప ఏడాదికోసారి వచ్చి మిలిటరీ రమ్ము సీసా ఇచ్చిపోయే పెద్దమనిషి. ఏం మాట్లాడల్లో నాకు తెల్దు."

సాయంత్రం ఆరుకు హెడ్ క్లర్కు ఫోన్.

"సంతకం అయిందా?"

"లేదు సార్."

"అయితే సామాను వెనక్కి తెచ్చెయ్."

"సామానంటే ఏది సార్?"

"లిస్టులో ఉన్నవన్నీ. రేపు సాయంత్రం బయలుదేరు."

ఫోన్ స్పీకరులో లేదు. అయినా హెడ్ క్లర్కు గొంతుకు స్పీకరు అవసరం లేదు. హవల్దారు లేచి తన పరుపు తనే చుట్టడం మొదలుపెట్టాడు. అంచులు సమానంగా, ముడి ఎడమ వైపు, నాకు నేర్పినట్టే. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

మూడో రోజు మధ్యాహ్నం రెండు. నలభై మూడు డిగ్రీలు. వదిన వంటింట్లో ఉంది. గుమ్మానికి తెర. కూతురు ఇవతల గదిలో పుస్తకం ముందు పెట్టుకుని ఉంది. నేను కాస్త గట్టిగానే అడిగాను.

"పాపా, నీకు పద్దెనిమిది ఎప్పుడు నిండుతాయి?"

"నవంబర్‌లో న్నా."

"ఆర్నెల్లే కదా. ఫారంలో ఒక అంకె మారిస్తే ఎవరూ సూడరు. నువ్వు పెడతావా సంతకం?"

ఆ పిల్ల తండ్రి వైపు చూసింది. చుట్టిన పరుపు వైపు చూసింది.

"పెడతా. కాలేజీకి పోనులే, ఇంట్లోనే ఉంటా. యాడ పెట్టల్ల?"

పెన్ను తీసుకుంది. తెర కదిలింది. నేను అనుకున్న సమయానికే కదిలింది. వదిన తడి చేతులతో వచ్చి కూతురి చేతిలోంచి పెన్ను లాక్కుంది. నిలబడే మూడు ప్రతుల మీదా సంతకం చేసింది. మూడో దాని మీద నీటి చుక్క పడి పేరు అలుక్కుపోయింది.

"దాని జోలికి పోవాకు" అంది నాతో. ఆ తర్వాత, "నీకు అమ్మ ఉందా?"

"ఉంది వదినా."

"నిన్ను నమ్ముతాదా?"

"నమ్ముతాది."

"సరే. పో ఇంక."

బెల్టు, బ్లేడ్లు, లేసులు లెక్కపెట్టి ఆమెకు అప్పగించాను. మాత్రల వేళలు చెప్పాను. హవల్దారు గడప దాకా వచ్చి నాకు సెల్యూట్ కొట్టాడు. ఆయన నాకు కొట్టకూడదు. "రూల్సు తప్పు అన్నా" అన్నాను. నవ్వాడు.

కాగితం చూసి హెడ్ క్లర్కు శభాష్ అన్నాడు. ఇరవై ఎనిమిది రోజులయ్యాక హవల్దారును మళ్ళీ పరీక్షించి, ఈసారి సర్వీసు నుంచే ఇంటికి పంపేశారు. కొత్త సంతకం ఎవరూ అడగలేదు. పాతదే చెల్లింది.

ఫౌజుతో నా నాలుగేళ్ళ ఒప్పందం అయిపోయింది. ఇప్పుడు నంద్యాలలో ఒక బియ్యం మిల్లు గేటు దగ్గర కూర్చుంటాను. శత్రువులు తక్కువ, ఎలుకలు ఎక్కువ. నాతో చదివినవాళ్ళు బెంగళూరులో, హైదరాబాదులో ఉన్నారు. ఫోన్‌లో గ్రూపు ఉంది. అందులో పండగలకు దీపాల బొమ్మలు వస్తాయి. ఇంట్లో, మిల్లులో అందర్నీ నవ్విస్తుంటాను. "వీడు ఏం మారలా" అని అమ్మకు సంతోషం. నవ్వించేవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. ఆ పద్ధతి నాకు బాగా తెలుసు.

మొన్న ఆళ్ళగడ్డ వెళ్ళాను. పగలు పదకొండు. తలుపు తీసే ఉంది. కూతురు కర్నూలులో హాస్టల్లో చేరిందట, అది తర్వాత వీధిలో ఎవరో చెప్పారు. వదిన కుట్టుమిషను కిటికీ దగ్గర లేదు. గది మధ్యకు జరిపి, మంచానికి ఎదురుగా తిప్పి పెట్టుకుంది. వెలుతురు ఆమె వెనక నుంచి వస్తోంది, ఆమె నీడ గుడ్డ మీదే పడుతోంది. మంచం మీద హవల్దారు బనీనుతో కూర్చుని గోడను చూస్తున్నాడు. ఆమె ఆయన్ను చూస్తోంది. నేను గడపలోకి రాగానే, చూపు తిప్పకుండా, అక్కడే ఆగమన్నట్టు అరచెయ్యి ఎత్తింది.

ఆగాను. ఫౌజులో కాపలా రెండు గంటలు. ఆ తర్వాత ఇంకొకడు వచ్చి నిలబడతాడు. నాకు తెలియకుండానే వెనక్కి తిరిగి వీధిలోకి చూశాను. ఎవరూ రావడం లేదు.

ఆమె పాదాలు మిషను తొక్కుతూనే ఉన్నాయి. గుడ్డ సూదిని ఎప్పుడో దాటిపోయింది. సూది ఉత్త ఇనుప పలక మీద పైకీ కిందికీ ఆడుతోంది.