పెద్దావిడ సంచిలో బ్రష్

“ఇంకా ఆ బ్రష్ ఎందుకండీ అమ్మగారూ?” అన్నాను. “ఎవరి రాయైతే ఏమిటి, కడిగి వస్తాను. యల్లా, ఇక బయల్దేరాలి,” అంది ఆవిడ కారెక్కుతూ. మా ఇద్దరి మధ్య చివరి మాటలు అవే. అమెరికా చేరాక ఆవిడ నిద్రలోనే పోయిందని ఈ పొద్దున మేడమ్ చెప్పింది. నాకు సంతకం తప్ప రాదు. అందుకే ఇక్కడే పనిచేసే మా చెల్లెలి కూతుర్ని కూర్చోబెట్టి చెబుతున్నాను, అది రాస్తోంది.

దోహాలో, అల్ సద్ పేటలో నేను వంట చేసే ఇంటి మేడమ్‌కు ఆవిడ తల్లి. అమెరికావాళ్ళే గానీ, తాతలనాడు జర్మనీలో ఓడ ఎక్కి వెళ్ళినవాళ్ళట. ఓడ ఎక్కకముందు తమది ఏ ఊరో ఆవిడ ఏళ్ళ తరబడి వెతికి, చివరికి ఒక పల్లెటూరు పట్టుకుంది. అక్కడికి వెళ్తూ కూతుర్ని చూద్దామని దోహాలో దిగింది. నేను సొరకాయ చెక్కు తీస్తుంటే ఎదురుగా కూర్చుని మా గోదావరి కబుర్లు అడిగేది. సమాధుల పండక్కి రాళ్ళు రుద్ది కడిగి, సున్నం వేసి, కొవ్వొత్తులు పెడతామని నా ముక్కల ఇంగ్లీషులో చెప్పాను. వెంటనే సింకు దగ్గరి బ్రష్ తీసి తువ్వాలులో చుట్టుకుంది. అది గిన్నెలు తోమేదని చెప్పినా వినలేదు. ముత్తాతగారి రాయి తన చేత్తోనే కడుగుతుందట.

ప్రయాణం దగ్గర పడ్డాక మేడమ్ వంటింటి తలుపు మూసి నాతో గుట్టుగా మాట్లాడింది. ఆ ఊరి చర్చివాళ్ళు ఫోన్ చేశారట. అక్కడ సమాధి చోటు కొన్నేళ్ళకే ఇస్తారు, గడువు తీరితే రాయి తీసేసి ఇంకొకరిని పెడతారు. వీళ్ళ పెద్దల రాయి ఎప్పుడో పోయింది. “మమ్మీ గుండె సంగతి తెలుసుగా. ఏదో ఒకటి చెప్పి టికెట్ ఆపిస్తాను. నీ నోట్లోంచి మాట వచ్చిందా, ఇంక నీకు ఇక్కడ పని లేదు,” అంది. నా వీసా మేడమ్ చేతిలోనే ఉంది. ఆ పూట నుంచి పెద్దావిడ టీ బల్ల మీద పెట్టి, మొహం చూడకుండా వచ్చేసేదాన్ని.

మర్నాడు ఆవిడ నా మొహంలోకి చూస్తూ, “మీ ఆయనకు రాయి వేయించావా?” అంది. “లేదండి. మా ఊళ్ళో చోటు చాలదు. మా అత్తగారి గోతిలోనే, ఆవిడ మీదే పెట్టాం. ఆవిడ సిలువ మీదే కింద ఈయన పేరు రాయించాం.” “మరి ఆవిడ ఎముకలు?” “గుడ్డలో మూటగట్టి పక్కనే పెట్టారండి. తల్లి పక్కన ఆయనకేం లోటు.” ఆవిడ గుండె ఏమవుతుందోనని నేను కత్తి పక్కన పెట్టేశాను. పక్క గదిలో మేడమ్ గొంతు వినబడుతూనే ఉంది. పెద్దావిడ మెల్లగా, “అయితే మావాళ్ళ మీద ఎవరు పడుకున్నారో,” అంది. “నేనేమీ చెప్పలేదండి.” “చెప్పలేదు. టికెట్ ఆపడానికి సాకులు చెబుతుంటేనే తెలిసింది, నా కూతురికి చిన్నప్పటి నుంచీ అబద్ధం ఆడటం రాదు. నువ్వు సొరకాయ తరుగు.”

టికెట్ ఆపనివ్వలేదు, వెళ్ళింది. ఈ పొద్దున మేడమ్ ఫోన్లో, పెద్దావిడ ఆ ఊళ్ళో తీసిన ఫోటో ఒకటి చూపించింది. ఎవరో ముక్కూమొహం తెలియని ఇంటివాళ్ళ రాయి, తడిగా ఉంది, దాని మీద నా బ్రష్. మా ఆయన సిలువకు సున్నం ఎప్పుడో రాలిపోయి ఉంటుంది, నేను ఊరు వెళ్ళి చాలా ఏళ్ళయింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఏ రాయి కింద ఎవరున్నారో ఎవరికీ తెలియకుండా పోతుంది. ఎవరో ఒకరు కడుగుతున్నన్నాళ్ళే అది రాయి. ఏదీ అమ్మాయ్, మొదటి నుంచి చదివి వినిపించు. మీ పెదనాన్న దగ్గరికి వచ్చేసరికి కాస్త నెమ్మదిగా.