నాయనమ్మ పేరు

మంచుకొండల నడుమ ఉన్న నారిన్ ఊళ్ళో పేదలకిచ్చిన మా అయిదంతస్తుల భవనానికి పెద్దదిక్కు జూరా అక్క. చలికాలం మా గోడలకు లోపలే మంచు కట్టేది. ఎవరూ కొనని ముతక గొర్రెబొచ్చును తడిపి, ఒత్తి, మందపాటి దుప్పట్లు చేసి అక్క తన గది గోడలకు మేకులేసి కొట్టుకుంది. ఆ ఏడు మేమంతా ఆమె గదిలోనే టీ తాగాం.

కొత్త ఆలోచనలకు డబ్బిచ్చే నిధి ఒకటుందంటే, అందరి గోడలకూ వేయిద్దామని దరఖాస్తు పెట్టింది. ‘ఆలోచన ఎవరిది?’ అన్నచోట, మా ఆనవాయితీ ప్రకారం, నేర్పినవాళ్ళ పేరు రాసింది: నాయనమ్మ పేరు. నాయనమ్మ నాటిదైతే కొత్తది కాదని తిప్పి పంపారు.

నాకు ఒళ్ళు మండింది. “నీ పేరు రాసుకుంటే పోయేదిగా అక్కా.”

“నేర్పింది ఆవిడైతే నా పేరెట్టా రాస్తానే?”

మూడేళ్ళుగా అదే దరఖాస్తు, అదే పేరు. నిన్న మూడో తిరస్కారం చదివి వినిపించడానికొచ్చిన అధికారి, అక్క గదిలో ఆ దుప్పట్లు కొట్టిన గోడకే ఆనుకుని కూర్చుని, ముందు కోటు విప్పాడు.