తాటిచెట్ల నడుమ ఖాదర్ సాబ్ తీగ

రాగి తీగను గరుకు కాగితంతో రుద్దితే వేళ్లకు ఒక వాసన అంటుకుంటుంది. సబ్బుతో కడిగినా పోదు, అన్నం కలుపుకునేటప్పుడు మళ్లీ తగులుతుంది. వానలకు ముందు ఏంటెన్నా అతుకులన్నీ విప్పి, చిలుము గీకి, మళ్లీ టంకం వేయడం నా అలవాటు. నిన్న ఆ పని ముగించి భోజనానికి కూర్చున్నాను. మొదటి ముద్ద నోటి దగ్గరికి వచ్చేసరికి ఖాదర్ సాబ్ గుర్తొచ్చారు.

ఆయన పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసి, చౌటుప్పల్ శివారులో చిన్న ఇల్లు కట్టుకున్నారు. నేను టెలిఫోన్ ఎక్స్చేంజి మనిషిని. తెలంగాణ వచ్చిన ఏడాది రిటైరై ఆ వీధిలోనే దిగాను. చిన్నప్పటి నుంచి డైరీ రాసే నాకు ఆ రోజుల్లో రాయడానికి ఏమీ దొరికేది కాదు. 'ఎండ ఎక్కువ' అని రాసి మూసేసేవాణ్ని. ఒకనాడు ఆయన ఇంటి వెనక వేరేవాళ్ల చేలో, రెండు తాటిచెట్ల నడుమ రేడియో ఏంటెన్నాకని పొడవాటి తీగ కట్టిస్తుంటే చూస్తూ నిలబడ్డాను.

"ఊకె సూసుడు గాదు తమ్మీ, గా కొస పట్టుకో," అన్నారు.

ఆ కొస పట్టుకున్నందుకే, తరువాత పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, ఆ వయసులో, సొంత సెట్ మీద దూరపువాళ్లతో సరదాకు మాట్లాడుకునే హామ్ రేడియో మనిషినయ్యాను. ఆయనకు ఇష్టమైనది ఎనభై మీటర్ల బ్యాండు. పగలు ఆ తరంగాలు ఎంతో దూరం పోవు. పొద్దు గూకే వేళకు మాత్రం రాష్ట్రాలు దాటుతాయి. దానికి తీగ పొడవుగా ఉండాలి, ఎత్తున ఉండాలి. తాటిచెట్లను మించిన స్తంభాలు మాకెక్కడున్నాయి? కల్లు గీసే యాదగిరి మోకు వేసుకుని ఎక్కి కట్టేవాడు. మొదటిసారి పని నాకు అప్పగిస్తే, జీవితమంతా టెలిఫోన్ తీగలు లాగిన అలవాటు కొద్దీ ఇసుమంత వదులు లేకుండా బిగింపజేశాను. మొదటి గాలివానకే తెగి చేలో పడింది.

యాదగిరి ఒకటే నవ్వు. "సారూ, గిది కరెంటు స్తంభమనుకున్నవా? చెట్టు ఊగుతది. పైనుంటే నన్నే ఊపుతది, నీ తీగనెంత?"

ఖాదర్ సాబ్ నవ్వలేదు, విసుక్కోలేదు. చెట్టుకు కప్పీ బిగించి, తీగ కొసకు తాడు ముడివేసి కప్పీ మీదుగా దించి, దానికి ఒక రాయి వేలాడదీశారు. గాలికి చెట్టు ఎంత ఊగినా రాయి పైకీ కిందికీ పోతుంది, తీగ తెగదు. ఆ రాయి కదలడం చూస్తూ చాయ్ తాగిన సాయంత్రాలు ఎన్నో.

కొన్నేళ్లకు ఆయన గొంతులో గడ్డ లేచింది. పట్నం దవాఖానలో ప్రాణం నిలబెట్టారు గానీ మాట పోయింది. ఇంటికొచ్చాక ఫోన్ మోగితే దాని వైపు చూసి తల తిప్పుకునేవారు. చూడవచ్చినవాళ్లు గట్టిగా మాట్లాడేవారు, ఆయనకు చెవుడు వచ్చినట్టు. ఒకరోజు స్టీలు గ్లాసు మీద చెంచాతో, టెలిగ్రాఫు వాళ్ల టక్కుల భాష మోర్స్‌లో ఏదో కొట్టారు. నాకు నవ్వొచ్చింది.

"ఏమంటుండు?" అంది ఆయన భార్య హబీబా ఆపా.

"చాయ్‌ల చక్కెర తక్కువైందట."

"గొంతు పోయినా నోరు పోలే గీయనది! జర నాకు గూడ నేర్పు భయ్యా, నన్ను తిడితే తెల్వాలె గదా."

ఆ సాయంత్రం ఆయన మళ్లీ రేడియో సెట్ ముందు కూర్చున్నారు. బ్యాండు మీద ఆయనకు నలుగురు పాత మిత్రులు. ఎవరి ముఖమూ ఎవరూ చూసినవారు కాదు, మొదటి నుంచీ వాళ్ల మాటలన్నీ మోర్స్‌లోనే. ఇన్నాళ్లూ ఏమయ్యావని వాళ్లు అడిగితే, 'ఊరికి పోయిన' అని కొట్టి, నా వైపు చూసి పెదవుల మీద వేలు పెట్టారు. గొంతు పోయిన సంగతి వాళ్లకు ఆయన ఎన్నడూ చెప్పలేదు. ఆ గంటసేపు ఆయనలో ఏ లోటూ ఉండేది కాదు.

తరువాత ఆ చేను ప్లాట్లకు అమ్ముడుపోయింది. వెంచర్ మనిషి చెడ్డవాడు కాదు. మేం అడిగినందుకు, రోడ్లు గీసేదాకా చెట్ల జోలికి రాలేదు. చివరికి యంత్రం వచ్చిన రోజున యాదగిరి ఎక్కి తీగ విప్పాడు.

"నా కల్లు పాయె, నీ రేడియో పాయె సాబ్. ఇద్దరం ఒక్కనాడే ఖాళీ అయితిమి."

ఖాదర్ సాబ్ అతని భుజం మీద చేయి వేసి, చెట్లు పడేదాకా గోడ దగ్గరే నిలబడ్డారు.

ఆ తీగను ఆయన డాబా మీద మడతలు పెట్టి కట్టాం. వాళ్ల మాటలు మాకు సన్నగా వినిపించేవి. పట్నాల కరెంటు రొదలో ఉన్న వాళ్లకు, ఎత్తు లేని తీగ మీది మా మాట చేరేది కాదు. నాకు వేరే ఏంటెన్నా లేదు. రోజూ వాళ్లు ఆయన్ని పిలిచేవారు. ఆయన జవాబు కొట్టేవారు. వాళ్లు కాసేపు ఆగి, మళ్లీ పిలిచేవారు. ఒకనాడు వాళ్లలో ఒకరు, 'ఖాదర్ భాయ్ ఇక లేడేమో' అన్నారు. ఆయన వెంటనే, 'ఉన్న, ఉన్న' అని కొట్టారు. అవతల ఎవరికీ అందలేదు.

"ఫోన్ చేసి నేను చెప్త సాబ్," అన్నాను.

నా మణికట్టు పట్టుకుని, బల్ల మీద వేలితో ఒక్కో అక్షరం కొట్టారు. 'ఫోన్ల నన్ను మాట్లాడమంటరు. వాళ్ల దగ్గర నాకింకా గొంతున్నది. గది గూడ తియ్యకు.'

డాబా మీద తీగను పైకెత్తే పొడవాటి గొట్టం నిలబెట్టే పని మొదలుపెట్టాను. అది పూర్తికాకముందే ఆయన పోయారు. ఆ గొట్టాన్ని, తీగను హబీబా ఆపా నాకే ఇచ్చింది. మా డాబా మీద నిలబెట్టి, ఆ నలుగురికీ కబురు నేనే చెప్పాను. గొంతు సంగతి మాత్రం చెప్పలేదు. మేం పిలిచింది ఆయనకు వినిపించేదా అని ఒకరు అడిగారు. 'ప్రతిసారీ జవాబిచ్చిండు' అని కొట్టాను.

ఇప్పటికీ సాయంత్రం సెట్ ఆపే ముందు ఒక మాట పంపుతాను: 'మీ జవాబు మాకు అందకపోయినా, వింటున్నవాళ్లకు సలాం.' పంపాక వెంటనే ఆపను. హెడ్‌ఫోన్లు చెవులకు గట్టిగా అదుముకుని, వట్టి హోరు వింటూ, ఒక మనిషి తీరిగ్గా జవాబు కొట్టడానికి పట్టేంత సేపు కూర్చుంటాను.