వ్యాన్‌లో పదకొండో టోపీ

దయ్యాల మాటెత్తితే ఎగతాళి చేసేవాణ్ణి నేను. షార్జా అల్ నహ్దాలో మా బిల్డింగ్ లిఫ్ట్ దానంతటదే మూడో అంతస్తులో ఆగుతోందని ఇరుగుపొరుగు జడుసుకుంటే, మెకానిక్‌ని పిలిపించి బటన్ మార్పించాను. నా ఉద్యోగం గోడౌన్‌లో సరుకు లెక్క చూడటం. వేలితో చూపించి లెక్కపెట్టిందే నాకు నిజం. ఆ లెక్కే నన్ను ముంచింది.

2016లో ఈద్ సెలవులకి బిల్డింగ్‌లోని మూడు కుటుంబాలం కలిసి స్పెయిన్ వెళ్లాం. ఖోర్ ఫక్కాన్ పోర్టు ఆఫీసులో పనిచేసే మా బావగారు, అంటే మా ఆవిడ అన్నయ్య కూడా వచ్చారు. భార్య పోయాక ఎక్కడికీ కదలని మనిషి. నేనే బలవంతపెట్టి తీసుకెళ్లాను. ఆయనతో కలిపి పదకొండుమందిమి. గుంపులో తప్పిపోకుండా ట్రావెల్స్‌వాళ్లు అందరికీ పసుపు టోపీలిచ్చారు. ఒకరివి ఒకరికి మారిపోతాయని మా ఆవిడ వాటి లోపల పేర్లు రాసింది.

మనవాళ్లు ఏ దేశం వెళ్లినా సూట్‌కేసులో రైస్ కుక్కర్ ఉండాల్సిందే కదా. టొలెడో చూడ్డానికి బయల్దేరిన రోజు పొద్దున్నే మా ఆవిడ మాడ్రిడ్ హోటల్ గదిలో పులిహోర కలిపి పది పొట్లాలు కట్టింది. బావగారికి షుగర్, రోజూ ఇంజెక్షన్ తీసుకుని వేళకి తినాలి. అందుకని ఆయనకి మాత్రం పదకొండో పొట్లంలో చపాతీలు పెట్టి, గుర్తుకి ఎర్ర రబ్బరు బ్యాండు వేసింది.

ఆ సంచి వ్యాన్‌లోనే ఉంచి తాళం వేయించింది నేను. తింటూ కూర్చుంటే సగం ఊరు కూడా చూడలేమని, దిగొచ్చాక వ్యాన్‌లోనే తిందామని ఆర్డరేశాను. నా బుద్ధి గడ్డి తింది.

టొలెడో కొండమీది పాత ఊరు. కోట గోడలు, చర్చిలు, ఇద్దరు పక్కపక్కన నడవలేని రాతి సందులు. ఎండ మన దుబాయ్ ఎండకి తీసిపోలేదు. ఒంటిగంటన్నరకి బావగారు ఒక మెట్టు మీద కూర్చుండిపోయారు.

"కాళ్లు లాగుతున్నాయి బావా. మీరు చూసి రండి, నేను మెల్లగా వ్యాన్ దగ్గరికి దిగుతా" అన్నారు.

మొహం పాలిపోయి ఉంది. చూశాను. చూసి కూడా, ఇంకొక్క చర్చి మిగిలిందని ముందుకి నడిచాను.

రెండున్నరకి వ్యాన్ చేరాం. అందరూ ఎక్కాక తలుపు దగ్గర నిలబడి టోపీలు లెక్కపెట్టాను. నా నెత్తిమీది దానితో కలిపి పదకొండు. ఆఖరి సీటులో బావగారు కిటికీకి ఆనుకుని, టోపీ కళ్లమీదికి లాక్కుని ఉన్నారు. నిద్రపోతున్నారు కాబోలు అనుకున్నాను. అలవాటుకొద్దీ రెండోసారి లెక్కపెట్టాను. పదకొండే. "యల్లా" అన్నాను. ఆ స్పెయిన్ డ్రైవర్‌కి అరబ్బీ ఏం తెలుస్తుంది, నా చెయ్యి ఊపు చూసి బండి తీశాడు.

నది దాటాక మా ఆవిడ పొట్లాలు పంచింది. "అన్నయ్యా, నీది ఇది" అంటూ రబ్బరు బ్యాండు పొట్లం వెనక్కి చాచింది. ఒక చెయ్యి అందుకుంది. మా పక్క ఫ్లాట్ ఆవిడ కూడా చూసింది. సంచి ఖాళీ అయింది.

దారిలో బండి ఎక్కడా ఆగలేదు. హోటల్ దగ్గర దిగింది మాత్రం పదిమందిమి. ఆఖరి సీటులో ఎవరూ లేరు.

ఆయన నంబరుకి చేస్తే ఎవరో నర్సు ఎత్తింది. మేం వెనక్కి వెళ్లేసరికే అంతా అయిపోయింది. షుగర్ పడిపోయిందట. కూర్చున్న మెట్టు నుంచి పది అడుగులు కూడా కదల్లేదట. మూడున్నరకి ఎవరో చూసి అంబులెన్స్ పిలిచారట. ఒక గంట ముందు నోట్లో ఏదైనా పడి ఉంటే బతికేవారేమో అన్నాడు డాక్టరు. ఆ గంట ముందే నేను టోపీలు లెక్కపెడుతున్నాను. పది వచ్చుంటే ఆ కొండ మీదికి పరిగెత్తేవాణ్ణి.

ఆసుపత్రివాళ్లు ఒక కవర్లో ఆయన వస్తువులిచ్చారు. కళ్లజోడు, ఫోను, లోపల మా ఆవిడ రాతతో పేరున్న పసుపు టోపీ. వాటి కింద ఎర్ర రబ్బరు బ్యాండు వేసిన పొట్లం. విప్పనే లేదు.

మూడేళ్లుగా ఆలోచిస్తున్నాను. ఆ పొట్లం పొద్దుట్నుంచి తాళం వేసిన వ్యాన్‌లోనే ఉంది. రెండోది కట్టలేదని మా ఆవిడ ఒట్టేసి చెబుతోంది. నా లెక్క తప్పిందనుకుందామంటే, పొట్లం అందుకున్న చెయ్యి ఎవరిది?

"మా అన్నయ్యేనండీ. నా చేతి తిండి పట్టుకునే వెళ్లాడు" అంటుంది మా ఆవిడ. ఆ మాట ఆమెకి ఓదార్పు. నాకు భయం. అది ఆయనే అయితే, ఒక్క మాట చెప్పి బండి వెనక్కి తిప్పించకుండా లెక్క ఎందుకు సరిపెట్టారు? ఆయన కాకపోతే ఎవరు?

ఇప్పుడు ఎటు వెళ్లినా తలలు లెక్కపెట్టను. పేరుపేరునా పిలుస్తాను, పలికితేనే బండి తీయమంటాను. అందరూ పలికాక బావగారి పేరు నోటిదాకా వస్తుంది. పిలవను. వెనక సీటులోంచి "ఆఁ" అని వినిపిస్తే ఏం చెయ్యాలో నాకు తెలీదు.