ముక్తాయింపు వేసిన గంట

పన్నెండేళ్ళు మృదంగం నేర్చుకున్నదాన్ని. అలాంటి నా చేతిలో అంకుల్ ఓ ఇనప గంట, ఓ పుల్ల పెట్టారు. ఒళ్ళు మండిపోయింది.

అంకుల్‌ది ఘనా. ఇక్కడ సింగపూర్లో ఓడల సామాన్ల కంపెనీలో ఉద్యోగం, సాయంత్రాలు గిటారు. బెడోక్‌లో ఉండే ఓ చైనీస్ పిల్ల పియానో మీద జాజ్ వాయిస్తుంది. ఆయన తమ ఊరి డాన్సు పాటలు ఎత్తుకుంటే, ఆ పిల్ల వాటికి జాజ్ కలిపేది. మూడో మనిషిగా నన్ను పిలిచారు. తెలుగువాళ్ళ ఫంక్షన్లలో వాయించడం తప్ప ఈ ఊళ్ళో నేను వెలగబెట్టిందేమీ లేదు, పరిగెత్తుకెళ్ళాను.

"నీ పని ఒకటే," అన్నారు అంకుల్. "మొదటి నుంచి చివరిదాకా ఇదే దెబ్బ. మార్చకు, అందం చెయ్యకు, ఆపకు. మేమిద్దరం ఎటు తిరిగినా దీన్ని పట్టుకునే వెనక్కొస్తాం."

హవ్వ, ఇదీ ఒక విద్యేనా అనుకున్నాను. తీరా మొదలుపెడితే పావుగంటకే భుజం పీకేసింది. నోరు మూసుకుని నేర్చుకున్నాను.

ఏడాది తిరక్కుండా ఆయనకి కాన్సర్ అని తేలింది. మందులకి వేళ్ళు మొద్దుబారిపోయాయి. ఘనాకి, మా ఇంటికెళ్ళిపోతాను, వెళ్ళేలోపు ఒక్క పాట రికార్డు చెయ్యాలి అన్నారు. ఎందుకో కూడా దాచలేదు.

"మా వైపు చావుకి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి ఆడి వెళ్తారు. నా చావుకి చివరి వంతు మా ఆవిడది. ఆవిడ ఆడేదాకా పాట ఆగకూడదు. ఇరవై నిమిషాలు కావాలి. ఎవరిదో పాట మీద నన్ను సాగనంపడం నాకిష్టం లేదు."

పియానో పిల్ల ఏడ్చేసింది. నేను గంట తుడుస్తూ కూర్చున్నాను.

జురాంగ్ వెస్ట్‌లో, ఫ్యాక్టరీల మధ్య ఓ రికార్డింగ్ గది. శనివారం మధ్యాహ్నం. అంకుల్ వేడినీళ్ళలో వేళ్ళు నానబెట్టుకుని మొదలుపెట్టారు. ఆ వేళ్ళు ఆ రోజు ఎలా కదిలాయో దేవుడికే తెలియాలి. గిటారు హాయిగా సాగిపోతోంది. దాని మీద పియానో పిల్ల రెచ్చిపోయింది. పైకి, ఇంకా పైకి వెళ్ళి, కిందికి దిగడం మొదలుపెట్టింది.

మా కచేరీల్లో అయితే సరిగ్గా అక్కడే ముక్తాయింపు పడాలి. ఒకే జతి మూడుసార్లు వేసి సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద దిగితే, అందరూ ఆగుతారు, జనం చప్పట్లు కొడతారు. మా మాస్టారు చిన్నప్పట్నుంచీ నా వేళ్ళకి ఎక్కించింది అదే. నా బుద్ధి గడ్డి తింది. గంట దెబ్బ వదిలేసి ముక్తాయింపు వేశాను. ఎంత బాగా వేశానో, ఛీ! పియానో ఆగింది. గిటారు తడబడి ఆగింది. అప్పటికి నాలుగు నిమిషాలు.

"ఇంకోసారి చేద్దాం లా, అంకుల్," అంది పిల్ల, ఇక్కడి యాసలో.

ఆయన మూడుసార్లు ప్రయత్నించారు. వేళ్ళు ఇక తీగ మీద నిలవలేదు. కంప్యూటర్లో అతికించి పొడుగు చేస్తానంది పిల్ల. వద్దన్నారు. "మనం వాయించింది ఇంతే. ఇలాగే పంపించు." నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. సెరంగూన్‌లో మా ఇంటిదాకా ట్రైన్లో తల వంచుకునే కూర్చున్నాను.

రెండు నెలలకి ఘనా నుంచి అంకుల్ వాళ్ళమ్మాయి వీడియో పంపింది. ఆయన శవపేటిక ముందు ముసలివాళ్ళు ఆడారు, అన్నదమ్ములు ఆడారు, పిల్లలు ఆడారు. చివర్న వాళ్ళావిడ తెల్ల చేతిరుమాలు పైకెత్తి, నొప్పుల కాళ్ళతో ఒక అడుగు ముందుకేసింది. నా ముక్తాయింపు పడింది. పాట ఆగిపోయింది. మళ్ళీ అందుకుంటుందేమోనని ఆవిడ రుమాలు పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత దాన్ని మడిచి, వెళ్ళి కూర్చుంది.

కింద వాళ్ళమ్మాయి మెసేజ్: "ఆంటీ, మిగతా పాట మీ దగ్గరుందా? అమ్మ అడుగుతోంది."

ఇంతే ఉందమ్మా అని రాశాను. ఎందుకు ఇంతే ఉందో రాయలేదు.